చీఫ్ కాదు, చార్లెస్ బెండర్



కాలేజీలో మమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. "ఒరేయ్ ఏజెన్సీ" అంటారు. నవ్వి ఊరుకుంటాం గానీ లోపల మండుతుంది. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పే అన్నలు లేరు. అందుకే ఈ మనిషి గురించి రాస్తున్నాం.

ఆయన చార్లెస్ ఆల్బర్ట్ బెండర్. పుట్టింది అమెరికాలోని మిన్నెసోటాలో. తల్లిది ఒజిబ్వే తెగ. చిన్నప్పుడే ఇంటికి దూరంగా పెన్సిల్వేనియాలో హాస్టల్ బడుల్లో పెరిగాడు. వాటిలో కార్లైల్ బడి ఒకటి. అక్కడ ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించేవాళ్ళు, సొంత భాష మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. మన హాస్టళ్ళు అలాంటివని అనట్లేదు, మాకు అన్నం, చదువు రెండూ ఇచ్చాయి. కానీ నోరు జారి కోయ మాట వస్తే క్లాసంతా నవ్విన రోజులు మాకూ గుర్తే.

1903లో బెండర్ ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ బేస్‌బాల్ జట్టులో పిచ్చర్‌గా చేరాడు. పిచ్చరంటే మన బౌలర్ లాంటోడే, కాకపోతే బంతి నేలకి తగలకుండా విసరాలి. మొదటి ఏడే 17 గెలుపులు. 1910లో ఒక మ్యాచ్‌లో అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. మొత్తం 212 గెలుపులు సాధించాడు.

అయినా జనం వెక్కిరింపు కేకలు పెట్టేవాళ్ళు. పత్రికలు 'చీఫ్' అని రాసేవి. చీఫ్ అంటే తెగ పెద్ద. అప్పట్లో ఆదివాసీ ఆటగాడు కనిపిస్తే చాలు, ఆ పేరు తగిలించేవాళ్ళు. ఆయన గొడవపడలేదు. ఎవరైనా ఆటోగ్రాఫ్ అడిగితే మాత్రం 'చార్లెస్ బెండర్' అని సంతకం పెట్టేవాడు.

చెయ్యి అలిసిపోయాకా ఆటని వదల్లేదు. 1920ల్లో అమెరికా నేవీ అకాడమీ కుర్రాళ్ళకి కోచ్‌గా చేశాడు. 1951లో, అరవై దాటాక, తన పాత జట్టుకే కోచ్‌గా తిరిగొచ్చి పిచ్చర్లకి నేర్పాడు. 1952లో ఆ జట్టు పిచ్చర్ బాబీ షాంట్జ్ 24 గెలుపులతో లీగ్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. 1953లో బెండర్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికయ్యాడు. ఆ వేడుక చూడకుండానే 1954 మే నెలలో చనిపోయాడు.

గెలుపుల లెక్క కన్నా ఆ కోచింగ్ సంవత్సరాలే మాకు ఎక్కువ నచ్చాయి. వచ్చిన విద్యని తనతో పోనివ్వలేదు. మనకి వచ్చింది కొంచెమే కావచ్చు: స్కాలర్‌షిప్ ఫారం నింపడం, ఇంగ్లీషు పాఠం అర్థం కానప్పుడు ఎవరిని అడగాలో తెలియడం. అదే కొత్తగా వచ్చే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నేర్పుదాం. ముందు వాళ్ళ పేరు అడిగి, ఆ పేరుతోనే పిలుద్దాం.