కడుపు మాడ్చుకున్న రోజులు

టీఎస్‌హెచ్ 18 ఉన్నప్పుడు నేను డైటింగ్ మొదలుపెట్టాను. పెద్దవాళ్లలో అది సుమారు 0.4 నుంచి 4 మధ్య ఉండాలి. ఇంకా హార్మోను తయారుచెయ్యమని మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ని ఎంత గట్టిగా పురమాయిస్తోందో చెప్పే అంకె అది. అంత పురమాయించినా నా థైరాయిడ్ చెయ్యలేకపోతోందని డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. మాత్ర రాశారు. ఆరు వారాలు పోయాక మళ్లీ రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నారు, బరువు సంగతి అప్పుడు చూద్దామన్నారు. నేను ఆగలేదు. అక్క కూతురి పెళ్లి దగ్గరపడుతోంది. బీరువాలోని జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు. కాలేజీ స్టాఫ్‌రూములో ఎవరో ఒకరు రోజూ "ఒళ్లు చేశారు మేడమ్" అంటూనే ఉన్నారు.

ఆ తొందర వెనక ఒక తప్పుడు నమ్మకం ఉంది. పెరిగిన బరువంతా థైరాయిడ్ వల్లే వచ్చిందనుకున్నాను. నిజానికి ఈ జబ్బు వల్ల పెరిగేది చాలామందిలో రెండు నుంచి ఐదు కిలోలు. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరూ. నేను దాదాపు 14 కిలోలు పెరిగాను. మిగతాది ఏళ్ల తరబడి కూర్చుని పేపర్లు దిద్దడం, రాత్రి పదింటికి భోజనం, నిద్ర చాలకపోవడం కలిసి తెచ్చింది. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే మాత్ర మింగగానే కరిగిపోవాలని ఆశపడేదాన్ని కాదు, కరగలేదని కడుపు మాడ్చుకునేదాన్నీ కాదు.

అప్పటి నా తిండి ఇదీ. పొద్దున్న పల్చటి రాగిజావ. మధ్యాహ్నం కీరదోస ముక్కలు, ఒక పుల్కా. సాయంత్రం గ్రీన్ టీ. రాత్రి మజ్జిగ. అంతా కలిపినా 800 కేలరీలు దాటదు. మొదట్లో బరువు బాగానే దిగింది, నాకు గర్వంగా కూడా అనిపించింది. తర్వాత ముల్లు ఒకే చోట ఆగిపోయింది. ఆగిందని పుల్కా కూడా మానేశాను. అప్పుడు మొదలైంది అసలు బాధ. మే నెలలో, రాజమండ్రి ఎండల్లో, ఫ్యాను కింద కూర్చుంటే నాకు చలి వేసేది. దువ్వెన నిండా జుట్టు. మలబద్ధకం. బోర్డు మీద సగం రాసి, తర్వాతి మెట్టు గుర్తురాక నిలబడిపోయేదాన్ని. మా అమ్మ నా మొహం చూసి, "తిండి మానేస్తే బరువు తగ్గదే అమ్మాయ్, మనిషి తగ్గిపోతుంది" అంది. ఆవిడకి కేలరీల సంగతి తెలియదని కొట్టిపారేశాను.

ఒంట్లో జరుగుతున్నది మాత్రం అమ్మ మాటకి దగ్గరగానే ఉంది. థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చేది ఎక్కువగా టీ4. మనం వేసుకునే లీవోథైరాక్సిన్ మాత్రలో ఉన్నదీ అదే. అది కాలేయంలో, మూత్రపిండాల్లో, ఇంకా చాలాచోట్ల టీ3గా మారితేనే కణాలకి చురుకు పుడుతుంది. కడుపు మాడ్చినప్పుడు శరీరం ఈ మార్పిడిని తగ్గించేస్తుంది. చురుకైన టీ3కి బదులు పనికిరాని రివర్స్ టీ3 పెరుగుతుంది. కరువు కాలంలో ఉన్న కాస్త శక్తిని దాచుకోవడానికి మనిషి ఒంటికి వచ్చిన పాత ఏర్పాటు ఇది. ఆరోగ్యవంతుల్లోనూ జరుగుతుంది. నాకు అసలే హార్మోను తక్కువ. దానికి తోడు ఉన్నదాన్ని కూడా పనిచెయ్యనివ్వని తిండి తింటున్నాను. జబ్బుని తగ్గించుకోవడానికని మొదలుపెట్టిన డైటు, జబ్బు లక్షణాలన్నిటినీ రెట్టింపు చేసింది.

ఎలా తినాలో, ఎలా తగ్గాలో చెప్పే జాతీయ పోషకాహార సంస్థ పుస్తకం మా కాలేజీ లైబ్రరీలోనే ఉంది, నేను తిరగెయ్యలేదు. 1918లో కూనూరులో ఈ సంస్థకి పునాది వేసిన రాబర్ట్ మెకారిసన్ అంతకుముందు గిల్గిట్ లోయల్లో గాయిటర్ మీద పరిశోధన చేసినవాడు. తిండికీ థైరాయిడ్‌కీ ఉన్న సంబంధాన్ని వెతికిన మనిషి మొదలుపెట్టిన సంస్థ 1958 నుంచి మన హైదరాబాదు తార్నాకలోనే ఉంది. వారానికి అర కిలో తగ్గడం క్షేమమనీ, బరువు తగ్గించే ఆహారమైనా రోజుకి 1000 కేలరీలకి తగ్గకూడదనీ ఆ సంస్థ చెబుతూనే ఉంది. నేను మాత్రం ఎవరో పంపిన వీడియోలు నమ్మాను.

ఆ వీడియోల వల్లే ఇంకో రెండు పనులు చేశాను. అయోడిన్ ఉప్పు తీసేసి సైంధవ లవణం తెచ్చాను. అన్నం మానేసి కొన్నాళ్లు కొర్రలూ సజ్జలూ తప్ప ఇంకేమీ ముట్టలేదు. నాది హషిమోటో, అంటే మన రోగనిరోధక శక్తే మన థైరాయిడ్ మీద దాడి చేసే జబ్బు. యాంటీ టీపీఓ పరీక్షలో తేలింది. అది అయోడిన్ తక్కువై వచ్చింది కాదు, ఉప్పు మార్చితే పోయేదీ కాదు. పైగా ఉన్న అయోడిన్ కూడా అందకపోతే పిల్లలున్న ఇంటికి నష్టం. అలాగని సముద్రపు నాచు మాత్రల్లాంటివి మింగి అయోడిన్ పెంచుకున్నా థైరాయిడ్ ఇంకా దెబ్బతింటుంది. సజ్జల్లో థైరాయిడ్ పనికి అడ్డుపడే పదార్థాలున్నాయి, వండినా అవి పోవు. వారంలో ఒకటి రెండుసార్లు తింటే భయం లేదు, పూట పూటా అవే తినడం తప్పు. అందరూ భయపెట్టే క్యాబేజీ, కాలీఫ్లవర్ మాత్రం ఉడికించి మామూలుగా తినవచ్చు. నేను అనవసరంగా క్యాబేజీ పెసరపప్పు కూర వదిలేశాను.

మాత్ర విషయంలో చేసిన తప్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ అన్నిటికంటే ఎక్కువ కాలం నష్టం చేసింది అదే. పరగడుపునే వేసుకునేదాన్ని, కానీ వెంటనే కాఫీ. టిఫిన్‌తో ఐరన్, క్యాల్షియం. కాఫీ, పాలు, ఐరన్, క్యాల్షియం, సోయా ఇవన్నీ ఈ మాత్రని సరిగ్గా ఒంటికి పట్టనివ్వవు. రెండో పరీక్షలో టీఎస్‌హెచ్ 14 దగ్గరే ఆగింది. డాక్టరు గారు డోసు పెంచబోయి, ఎందుకో ఆగి, "మాత్ర ఎలా వేసుకుంటున్నారమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న వల్లే నాకు అనవసరంగా డోసు పెరగలేదు. ఇప్పుడు మాత్రకీ కాఫీకీ మధ్య గంట, మాత్రకీ ఐరన్, క్యాల్షియంలకీ మధ్య నాలుగు గంటలకి పైగా ఎడం. పొద్దున్న కుదరనివాళ్లు రాత్రి భోజనమయ్యాక మూడు గంటలు ఆగి పడుకునే ముందు వేసుకోవచ్చు, అయితే రోజూ ఒకే వేళకి. జుట్టు కోసం బయోటిన్ వాడేవాళ్లు రక్తపరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలని కూడా అప్పుడే తెలిసింది. లేకపోతే థైరాయిడ్ అంకెలు తప్పుగా వస్తాయి.

ఇక వ్యాయామం. జిమ్‌లో చేరిన మొదటి వారంలోనే స్క్వాట్లు, ట్రెడ్‌మిల్ మీద పరుగు. వయసుని 220 లోంచి తీసేసి, గుండె వేగం ఇంతకి చేరాలని నా చేతి గడియారంలో ఒక అంకె పెట్టారు. థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, రక్తాన్ని పంపే బలమూ తగ్గుతుంది. ఆ అంకె నాకు చేరదు. చేరేదాకా పరుగెత్తమన్నారు, పరుగెత్తాను. రాత్రిళ్లు పిక్కలు రాయిలా పట్టేసేవి. ఒకరోజు కాలేజీ మెట్లు ఎక్కలేక రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయాను. కొత్తగా చేస్తున్నాను కదా, ఒళ్లునొప్పులు మామూలే అనుకుని ఇంకో వారం లాగించాను. చివరికి సీపీకే పరీక్ష చేస్తే 1,400 దాటింది. ఆడవాళ్లలో మామూలుగా 200 లోపే ఉంటుంది. అంటే కండరం దెబ్బతిని, లోపలిది రక్తంలోకి కారుతోందన్నమాట. హార్మోను చాలని కండరం శ్రమ తర్వాత తొందరగా కోలుకోలేదు. అది ముదిరి మూత్రం కాఫీ రంగులోకి మారితే మూత్రపిండాలకే ప్రమాదం, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. నాకు అంతవరకూ రాలేదు. రాకపోవడంలో నా జాగ్రత్త ఏమీ లేదు. ఆ మాట ఎవరికి చెప్పినా గొంతు వణుకుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, దాచుకోవాలని ఉన్నా. బరువు తగ్గడం కోసం కొన్నాళ్లు ఒకటికి రెండు మాత్రలు వేసుకున్నాను. రాత్రి పడుకుంటే గుండె దడ, చేతుల్లో సన్నని వణుకు. లీవోథైరాక్సిన్‌ని బరువు తగ్గడానికి వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందు కాగితం మీద పెట్టెకట్టి మరీ హెచ్చరిస్తుంది. డోసు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పల్చబడతాయి. నలభై దాటిన ఆడదానికి ఈ రెండూ ఎంత ప్రమాదమో ఆలోచించలేదు.

టీఎస్‌హెచ్ దారికి వచ్చేదాకా డాక్టరు గారు జిమ్ మాన్పించారు. గోదావరి గట్టు మీద నడక మాత్రం ఒప్పుకున్నారు, అదీ పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వేగంతో. మాట తెగితే వేగం తగ్గించాలి. చేతి గడియారం కన్నా నాకు అదే సరైన కొలత అయింది. టీఎస్‌హెచ్ 3 దగ్గరికి దిగాక కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం, గోడకి చేతులు పెట్టి తోసుకోవడం లాంటివి వారానికి రెండు రోజులు చేర్చాను, మధ్యలో విశ్రాంతి ఉండేలా. మర్నాడు మామూలు మనిషిలా ఉంటేనే ఒక్క అడుగు ముందుకి. వారానికి కనీసం 150 నిమిషాలు నడకలాంటి వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాటని నెలల మీద అందుకున్నాను.

అన్నం మళ్లీ తింటున్నాను, మునుపటికంటే తక్కువగా. పప్పు, పెరుగు, గుడ్డు, చేప ఏదో ఒకటి ప్రతి పూటా ఉంటుంది. కండరం నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. డైటు మొదలుపెట్టకముందు తినేదానిలో రోజుకి ఒక నాలుగైదు వందల కేలరీలు తగ్గించానంతే. బరువు మెల్లగా దిగుతోంది. కొన్ని నెలలు అసలు దిగదు. దిగని నెలలో తిండి కొయ్యను, నిద్ర సరిపోతోందా, మాత్ర వేళ తప్పిందా, ఫెరిటిన్, బీ12 ఎలా ఉన్నాయి అని చూసుకుంటాను. నాకు ఫెరిటిన్, అంటే ఒంట్లోని ఇనుము నిల్వ, బాగా తక్కువని ఆలస్యంగా తెలిసింది. థైరాయిడ్ హార్మోను తయారయ్యే ఎంజైముకి ఇనుము అవసరం. నీరసమంతా థైరాయిడ్‌దే అనుకోవడం వల్ల ఆ పరీక్ష ఎవరం అడగలేదు.

మన దేశంలోని ఎనిమిది నగరాల మీద 2013లో వెలువడిన అధ్యయనంలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. అందులో హైదరాబాదూ ఉంది. మా స్టాఫ్‌రూములోనే నలుగురం ఉన్నాం. మొన్న కొత్తగా చేరిన లెక్చరర్ అమ్మాయి తన రిపోర్టు పట్టుకుని వచ్చి, "మేడమ్, రేపట్నుంచి కార్బ్స్ బంద్" అంది. పెళ్లై ఏడాదయింది, బిడ్డ కోసం చూస్తున్నారు. కూర్చోబెట్టి చెప్పాను. ముందు డాక్టరు గారిని కలువు, బిడ్డ సంగతి దాచకుండా చెప్పు. ఆ ఆలోచన ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ ఇంకా దగ్గరగా చూసుకోవాలి. గర్భం నిలిచిన తొలి వారాల నుంచే మాత్ర డోసు పెంచాల్సి వస్తుంది, అప్పుడు బిడ్డ మెదడు ఎదిగేది తల్లి హార్మోను మీదే. పరీక్షలో రెండు గీతలు కనిపించిన రోజే ఫోన్ చెయ్యి, నెలవారీ చెకప్ దాకా ఆగకు. డైటు మాట అప్పుడు పూర్తిగా పక్కన పెట్టెయ్యి. ఆ అమ్మాయి రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకుని, క్యాంటీన్‌లో ఇడ్లీ ఉందో లేదో చూసొస్తానని లేచింది.