ఆ పాట ఎవరిది మాస్టారూ?

'సాగర సంగమం' బాలు అనగానే చాలామందికి బావి గట్టు మీద నాట్యం చేసే మనిషి గుర్తొస్తాడు. నాకు ముందుగా గుర్తొచ్చేది సమీక్షకుడు బాలు. ఒక అమ్మాయి నాట్యం చూస్తాడు, ఎక్కడ తప్పిందో పత్రికలో ఉన్నదున్నట్టు రాస్తాడు. ఆ రాత మీద పత్రికాఫీసులోనే నిలదీత జరుగుతుంది. నువ్వెవరివి చెప్పడానికి, నీకేం తెలుసు అన్నట్టుగా. అప్పుడు ఆ మనిషి కోప్పడడు, సంపాదకుడి చాటుకు పోడు. అదే ముక్కను ఒక్కో నృత్యరీతిలో ఎలా పట్టాలో అక్కడికక్కడే చేసి చూపిస్తాడు. 1983లో కె. విశ్వనాథ్ తీసిన ఆ సన్నివేశాన్ని కమల్ హాసన్ నాట్యం కోసం ఎన్నిసార్లయినా చూడొచ్చు. నేను మాత్రం అడిగినవాళ్ళ కోసం, జవాబు చెప్పినవాడి కోసం చూస్తాను. సినిమా గురించి రాసేవాడికీ చదివే అభిమానికీ మధ్య జరగాల్సింది సరిగ్గా అదే.

మనకు సమీక్షకులు కొత్తేమీ కాదు. కొడవటిగంటి కుటుంబరావు సినిమా మీద రాసిన వ్యాసాలు ఒక పెద్ద పుస్తకమంత ఉన్నాయి. ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సమీక్షలు రాసే రోజుల్లో వాటి కోసమే పత్రిక తెరిచినవాళ్ళు ఉన్నారు. సినిమాలను అంత నిక్కచ్చిగా తూచిన ఆ మనిషే తర్వాత 'రక్తసంబంధం' లాంటి సినిమాలకు మాటలు రాశారు, 1967లో బాపుతో కలిసి 'సాక్షి' తీశారు. మాటన్నవాణ్ణే పిలిచి, అయితే నువ్వే రాయి అని కలం చేతికిచ్చిన ఆనాటి పరిశ్రమ పెద్దమనసు నాకెప్పుడూ నచ్చుతుంది. ఆ రోజుల్లో చదివినవాళ్ళకు మనసులో మాట చెప్పాలంటే ఒక కార్డు ముక్క రాసి పోస్టులో వెయ్యాలి. అచ్చవుతుందో లేదో తెలియదు. ఇప్పుడు సమీక్షకుడు ఫోన్లో అందుబాటులో ఉన్నాడు, అడిగిన నిమిషానికి దొరుకుతాడు. ఇంత దగ్గరైనందుకు మాట లోతు పెరగాలి కదా అని నా ఆశ.

పెరిగినచోట ఎలా ఉంటుందో చెబుతాను. విజయవాడ గాంధీనగర్‌లో హాళ్ళకు దగ్గర్లో ఒక టీ కొట్టు. అక్కడికి ఒక పెద్దాయన వస్తూ ఉండేవారు. ఒకప్పుడు పత్రికలకు, తర్వాత నెట్‌లో సినిమాల మీద రాసే మనిషి. అందరికీ మాస్టారు. ఆయన ఎదురుగా బల్ల మీద మోటార్లకు వైండింగ్ చేసే ఒకతను, వేళ్ళకు ఇంకా వార్నిష్ మరకలతో.

"మాస్టారూ, మాయాబజార్ పాటల మీద మీరు రాసింది చదివానండి. మొత్తం ఘంటసాల గారి ఖాతాలో వేసేశారు."

"టైటిల్స్‌లో ఆయన పేరే ఉందయ్యా."

"ఉండనివ్వండి. పడవ పాట సాలూరి వారిది కదండీ! నాలుగు పాటలకు వరసలు కట్టి ఆయన తప్పుకున్నారు. మిగతాది ఘంటసాల గారు అందుకున్నారు."

"కట్టారు, కాదనను. వాద్యాలు కూర్చి, రికార్డు చేయించి, పాటను పాటగా నిలబెట్టింది ఎవరు? వరస ఒక్కటే పాట అవుతుందా?"

"అలాగంటే మల్లీశ్వరి మాటేంటండీ? అక్కడ వాద్యాలు చూసుకున్నది అద్దేపల్లి రామారావు గారు. మరి మనమంతా దాన్ని సాలూరి వారి మల్లీశ్వరి అనే కదా అంటున్నాం?"

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు చెప్పు, ఆ పడవ పాటలో నీకు సాలూరి ఎక్కడ వినపడతాడు?" అని అడిగారు. అతను మోహన రాగం పేరెత్తాడు. ఆ రాగంలో అందరూ కడతారు కదా అన్నారు మాస్టారు. అందరూ కడతారు కానీ నీళ్ళ మీద పడవ ఊగినట్టు ఆగి ఆగి నడిపించడం ఆయనకే వచ్చు అన్నాడతను. అంటూ కూనిరాగం తీశాడు. పక్క బల్ల మీదవాళ్ళు కూడా గ్లాసులు దించి విన్నారు. ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు. మర్నాటికి వాయిదా పడింది.

ఈ వాదన పైకి చూస్తే ఒక పాత సినిమాలో పేరు ఎవరికి దక్కాలన్న తగువు. కింద ఉన్నది చాలా పెద్ద ప్రశ్న. సినిమా పాటకు కర్త ఎవరు? వరస కట్టినవాడా, వాద్యాలు కూర్చినవాడా, పాడినవాడా, మాట రాసినవాడా? కె.వి. మహదేవన్ పద్ధతి తెలిసినవాళ్ళకు ఈ ప్రశ్న ఇంకా ముదురుతుంది. ఆయన ముందు పాట రాయించుకుని, ఆ మాటల మీదనే వరస కట్టేవారు. మరి ఆ వరసలో సగం పుట్టుక ఆత్రేయదో వేటూరిదో అనకూడదా? పక్కనే ఉన్న సహాయకుడు పుహళేంది వాటా ఎంత? 'దేవదాసు' విడుదలయ్యేనాటికి సి.ఆర్. సుబ్బరామన్ లేరు. మిగిలిపోయిన పని విశ్వనాథన్, రామ్మూర్తి పూర్తి చేశారు. ఏ పాట గురువుగారిది, ఏది శిష్యులది అన్న మాట వస్తే ఇప్పటికీ గంటలు గడిచిపోతాయి. పాటల మాట వచ్చేసరికి విశ్వవిద్యాలయాల్లో జరగాల్సిన చర్చ మన టీ కొట్టులో జరుగుతుంది. అందుకే నాకు ఆ వైండింగ్ పనివాడంటే గౌరవం.

అతనికి ఇదంతా ఎవరు నేర్పారు? రేడియో నేర్పింది. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. వివిధభారతిలో పాట వేసే ముందు సినిమా పేరు, రాసినవారు, స్వరపరచినవారు, పాడినవారు, ఇన్ని పేర్లు వరసగా చదివేవారు. వర్క్‌షాపులో చెయ్యి పనిలో ఉంటుంది, చెవి ఖాళీ. రోజుకు పది పాటలు, పాటకు నాలుగు పేర్లు, అలా ఏళ్ళ తరబడి. ఎవరూ పాఠం చెప్పకుండానే సముద్రాలకూ పింగళికీ తేడా తెలిసిపోయింది, జిక్కి గొంతుకూ జమునారాణి గొంతుకూ తేడా తెలిసిపోయింది. దానికి తోడు హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం. అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ, లోపల కథ సగంలో ఆపి 'మిగతాది వెండితెరపై' అన్న మాట, ఆ వెనక పాటలు. తెలుగు చదవడం ఆ పుస్తకాలతో గట్టిపడిన ఇళ్ళు కృష్ణా, గోదావరి జిల్లాల్లో నేను చాలా చూశాను.

ఇప్పుడు ఫోన్లో పాట పెడితే పాడినవాళ్ళ పేరు కనపడుతుంది. రాసినవాళ్ళ పేరు కోసం వెతుక్కోవాలి, చాలాసార్లు ఉండదు, ఒక్కోసారి తప్పు ఉంటుంది. పాత పాటల దగ్గర మరీ ఘోరం. ఈ లోటు పూడ్చాల్సింది సమీక్షకులే అని నేను నమ్ముతాను. వి.ఎ.కె. రంగారావు గారు వేల గ్రామఫోన్ రికార్డులు పోగేసి, వాటి మీద అచ్చైన పేర్లూ అచ్చుకాని పేర్లూ పట్టుకుని 'ఆలాపన' రాశారు. అభిమానం అంటే నాకు అదీ. అణుశాస్త్రవేత్తగా పనిచేస్తూ సితార్ వాయించిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ సినిమా పాటల్లో రాగాలను ఎంత తేలిగ్గా విప్పి చెప్పారంటే, స్వరాలు తెలియనివాళ్ళు కూడా ఆ వ్యాసం చదివి పాట మళ్ళీ పెట్టుకుని విన్నారు. వీళ్ళిద్దరి రాతలకూ పుట్టినిల్లు అభిమానమే. వినీ వినీ, ఊరుకోలేక రాశారు.

ఇప్పటి సంగతికి వద్దాం. సినిమా విడుదల ముందు రాత్రే అమెరికాలో ప్రీమియర్లు పడతాయి. డల్లాస్‌లో ఇంటర్వెల్ అయ్యేసరికి ఆ మాట తెనాలికి చేరిపోతుంది. ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ లాగ్, బీజీఎం అదిరింది. తెల్లారేసరికి రెండున్నరా, రెండుంముప్పావా, మూడా అన్న అంకె వచ్చేస్తుంది. హైదరాబాద్ ప్రసాద్స్ ముందు ఉదయం ఆట నుంచి బయటికొచ్చినవాళ్ళ నోటి ముందు మైకులు. ఆ హడావుడి నాకూ ఇష్టమే. జనం ఇంత ఉత్సాహంగా ఒక కళ గురించి మాట్లాడుకోవడం చిన్న సంగతి కాదు. నా పేచీ ఆ అంకెతోనే. అంకె వచ్చాక మాట ఆగిపోతుంది. ముప్పావు ఎందుకు తగ్గిందని అడుగుతారు తప్ప, మూడో పాట దగ్గర నీకేమనిపించిందని ఎవరూ అడగరు.

పాటలకు అంకె ఇంకా నప్పదు. ఒకప్పుడు క్యాసెట్ ముందొచ్చేది, ఇప్పుడు ఒక్కో పాటా లిరికల్ వీడియోగా నెలల ముందే వస్తోంది. సినిమా చూసేనాటికి అభిమాని ఆ పాటతో కొంత కాలం కాపురం చేసి ఉంటాడు. సమీక్షకుడేమో మూడు గంటల ఆటలో దాన్ని తెర మీద చూసి, 'పాటలు సోసోగా ఉన్నాయి' అని ఒక వాక్యం రాసి ముగిస్తాడు. ఆ వాక్యం మీద కుర్రాళ్ళకు కోపం రావడం న్యాయమే. నేపథ్య సంగీతం మీద ఈ కుర్రాళ్ళకున్న చెవి చూసి నేను ఆశ్చర్యపోతుంటాను. ఏ దృశ్యం కింద ఏ వాద్యం మొదలైందో, ఎక్కడ సంగీతం ఆపేసి నిశ్శబ్దం వదిలారో చెప్పేస్తారు. మా తరం పాటల దగ్గర ఆగిపోయింది, వీళ్ళు పాటకూ పాటకూ మధ్య ఉన్నది కూడా వింటున్నారు. కీరవాణి హిందీలో ఎం.ఎం. క్రీమ్ అనీ తమిళంలో మరకతమణి అనీ పేర్లు మార్చుకున్న సంగతి మొదలుకుని, ఎక్కడ ఏ పాత పాట నీడ ఉందో వరకు వీళ్ళ నోట వినాల్సిందే.

మొదటిరోజు మాటను కాలం ఎలా తిరగరాస్తుందో మనం చూస్తూనే ఉన్నాం. 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' విడుదలైన తొలి రోజుల్లో హాళ్ళు పలచగానే ఉన్నాయి. చూసినవాళ్ళు చూడనివాళ్ళను లాక్కెళ్ళారు. తర్వాత మహదేవన్‌కూ, బాలసుబ్రహ్మణ్యానికీ, వాణీ జయరామ్‌కూ జాతీయ అవార్డులు వచ్చాయి. దగ్గరి ఉదాహరణ కావాలంటే 2010 చాలు. ఆ ఏడాది అక్టోబరులో 'ఖలేజా', నవంబరులో 'ఆరెంజ్' వచ్చాయి. రెండూ హాళ్ళలో నిలబడలేదు. 'ఖలేజా' టీవీలో చూసి చూసి జనం డైలాగులు కంఠతా పట్టారు. 'ఆరెంజ్' పాటలు హారిస్ జయరాజ్ వరసల్లో హాస్టల్ గదుల్లో మోగుతూనే ఉన్నాయి. 2023లో 'ఆరెంజ్' మళ్ళీ వేస్తే హాలు మొత్తం నిలబడి పాడింది. సినిమా వచ్చేనాటికి బడిలో ఉన్న పిల్లలు, ఇప్పుడు ఉద్యోగాలు చేస్తూ. 2025లో 'ఖలేజా'కూ అంతే.

అప్పుడు రాసిన సమీక్షకులు అబద్ధం చెప్పారని నేననను. ప్రేమ ఎల్లకాలం ఉండదన్న 'ఆరెంజ్' హీరో వాదన ఆ ఏడు చాలామందికి మింగుడుపడలేదు, అదే రాశారు. సినిమా మారలేదు, చూసేవాళ్ళ వయసు మారింది. రీరిలీజ్ రోజున ఒక కుర్రాడు తనకు తెలిసిన సమీక్షకుణ్ణి, "అన్నా, అప్పుడు బాలేదన్నావు, ఇప్పుడు చెప్పు" అని అడగడం విన్నాను. "ఇప్పుడూ సెకండాఫ్ మీద నా మాట అదేరా. పాటలు మాత్రం ఆ రోజు సరిగా వినలేదు, మళ్ళీ రాస్తా" అన్నాడాయన. రాశాడు కూడా. మాట మీద నిలబడాల్సినచోట నిలబడి, మళ్ళీ వినాల్సినచోట మళ్ళీ విన్నాడు. బాలు పత్రికాఫీసులో చేసింది దీనికి ఎంతో దూరం కాదు.

హీరోల పేరు మీద జరిగే బూతు పురాణం గురించి ఎక్కువ రాయను. అది సినిమా గురించిన మాట కాదు. సమీక్షకుడి కులం, ఊరు, ఎవరి దగ్గర డబ్బు తిన్నాడు అన్న చోట మొదలై అక్కడే తిరుగుతుంది. నేను గమనించింది ఒక్కటి: అదే కుర్రాణ్ణి పాట దగ్గరికి తీసుకొస్తే గొంతు మారుతుంది. వేరే హీరో సినిమాలో పాటను కూడా ఒప్పుకుంటాడు. మణిశర్మ దగ్గరికొచ్చేసరికి చిరంజీవి అభిమానీ మహేశ్ అభిమానీ ఒకే బల్ల మీద కూర్చుంటారు.

సమీక్షకులను నేను కోరేది ఎక్కువేమీ లేదు. పాట రాసినవారి పేరు రాయండి. సినిమా వెళ్ళిపోయాక ఆరునెలలకు ఆ పాటల మీద ఒకసారి మళ్ళీ రాయండి. అభిమాని అడిగినప్పుడు ఎక్కడ విన్నారో, ఏం విన్నారో చెప్పండి. వాయించినవాళ్ళ పేర్లు కూడా వెతకండి. పాత రికార్డుల మీద వాళ్ళ పేర్లు వెయ్యలేదు, సినిమా టైటిల్స్‌లోనూ దాదాపు లేవు. ఇళయరాజా పాటల్లో వేణువు అనగానే నెపోలియన్ పేరు ఇప్పుడు కొందరికైనా తెలుసు. అభిమానులు పదేపదే అడగబట్టే ఆ పేరు బయటికొచ్చింది. అంతకు ముందు తరంలో వయొలిన్లు, సితార్లు, తబలాలు పట్టుకుని మద్రాసు స్టూడియోల్లో కూర్చున్నవాళ్ళు వందల మంది. వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు, మనవలు ఉన్నారు, పాత డైరీలూ ఫోటోలూ ఉండే ఉంటాయి. గాంధీనగర్ టీ కొట్టులో ఆ వైండింగ్ మనిషి మాస్టారిని చివరిగా అడిగింది కూడా మల్లీశ్వరిలో సితార్ ఎవరు పట్టారనే. మాస్టారు తెలియదనలేదు, ఎవరిని అడగాలో ఆలోచించి, చెన్నైలో ఉన్న ఒక పాత సౌండు ఇంజనీరు నంబరు కోసం ఫోన్ తీశారు.