పసుపు ఎవరిది? పేరు ఎవరిది?

మా చెల్లెలు రసాయనశాస్త్రంలో పిహెచ్.డి. చేసింది. పాప పుట్టాక మూడేళ్ళు ఇంట్లో ఉండిపోయింది. తిరిగి ల్యాబ్‌లో అడుగుపెడదామంటే, రాత్రి తొమ్మిదిదాకా ప్రయోగాల దగ్గర ఉండగలవా అని అడిగారు. చిన్నపిల్లలున్న మగవాళ్ళని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చివరికి, ఉద్యోగంలో విరామం వచ్చిన మహిళలని దృష్టిలో పెట్టుకుని కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నడిపిన పథకంలో ఏడాదిపాటు పేటెంట్ల పని నేర్చుకుంది. ఇప్పుడు ఒక విద్యాసంస్థలో టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ విభాగంలో ఉంది. బంధువుల దృష్టిలో మాత్రం ఆమె 'సైన్సు వదిలేసి ఆఫీసు పనిలో పడింది'.

ఇంతకీ ఆ పని ఏమిటి? ల్యాబ్‌లో కనుక్కున్నది నిజంగా కొత్తదేనా అని వెతకడం, పేటెంట్‌కి దరఖాస్తు రాయించడం, తయారుచేయగల కంపెనీకి లైసెన్సు ఇప్పించడం. దానికి సైన్సూ కావాలి, భాషా కావాలి. పేటెంట్‌లో ఒక మందు 'ఈ పదార్థాలు కలిగినది' అని రాస్తే, ఇంకోటి కలిపి అమ్మేవాళ్ళకీ ఆ హక్కు అడ్డు నిలుస్తుంది. 'ఈ పదార్థాలు మాత్రమే కలిగినది' అంటే మరొకటి కలిపినవాళ్ళు తప్పించుకుపోతారు. సాహిత్యం చదువుకున్న నేను ఒక్క మాటకి ఇంత బరువుండటం ఇంకెక్కడా చూడలేదు.

పసుపు సంగతి మనందరికీ తెలుసు. పసుపుతో గాయాలు మాన్పడం మీద మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి 1995లో అమెరికా పేటెంట్ వచ్చింది. మన సి.ఎస్.ఐ.ఆర్. సవాలు చేస్తే 1997లో రద్దయింది. ఆ విజయాన్ని పండగలా చెప్పుకున్నాం. కానీ అప్పటి అమెరికా చట్టానికి మరో దేశపు వాడుక సాక్ష్యంగా సరిపోదు, అచ్చులో కనబడాలి. అందుకే పాత గ్రంథాలూ, 1953 నాటి ఒక వైద్యపత్రిక వ్యాసమూ చూపించాల్సి వచ్చింది. దెబ్బ తగిలిన ప్రతిసారీ పసుపు అద్దిన అమ్మమ్మల చేతులు ఆ సాక్ష్యాల్లో ఎక్కడా లేవు.

ఇలాంటిదే చిన్న ఎత్తున చెల్లెలి బల్ల మీదికీ వస్తుంది. ఒకసారి ఆవిష్కర్తల ఫారంలో ముగ్గురు ఆచార్యుల పేర్లే ఉన్నాయి. ఆమె ల్యాబ్ నోటుపుస్తకం తెప్పించుకుంది. ద్రావణి మార్చాలన్న కీలకమైన ఆలోచన, తేదీతో సహా, ఒక పరిశోధక విద్యార్థిని చేతిరాతలో ఉంది. "ఆ అమ్మాయి చెప్పింది చేసిందంతే" అన్నారు వాళ్ళు. ఆలోచన ఎవరిదైతే వాళ్ళే ఆవిష్కర్త, హోదాతో సంబంధం లేదని చెప్పి నాలుగో పేరు రాయించింది. "ల్యాబ్‌లో ఉండుంటే నేనూ ఆ అమ్మాయిలాగే నోరుమూసుకుని ఉండేదాన్నేమో అక్కా" అంది నాతో.

అయినా, ఆడవాళ్ళకి ఇది సుఖమైన దారి అనే మాట నాకు మింగుడుపడదు. ల్యాబ్ తలుపు మూసేసి పక్కగది చూపించడం దయ కాదు. ఇష్టపడి వచ్చేవాళ్ళు రావాలి. ప్రయోగం చేయాలనుకున్నవాళ్ళకి మూడేళ్ళ తర్వాత కూడా ల్యాబ్‌లో చోటుండాలి. పనికిరానిదని మనమే చిన్నచూపు చూస్తున్న ఆ 'ఆఫీసు పని'లో, ఏ జ్ఞానం ఎవరి పేరున నమోదవుతుందో తేలుతోంది. ఆ కాగితాలు చదివే ఆడవాళ్ళు మనకి కావాలి.