మొత్తం ఎంతవుతుంది, డాక్టర్ గారూ?

ఫోన్‌లో అడిగితే చెప్పిన ఫీజు 700 రూపాయలు. క్లినిక్ నుంచి బయటికి వచ్చేటప్పుడు కట్టింది 8,900. మా జున్ను దేశీ కుక్క. అన్నం ముట్టక, ఒళ్ళు కాలిపోతూ మూలన పడుకుంటే, హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లో రాత్రి కూడా తెరిచి ఉండే ప్రైవేటు పెట్ క్లినిక్‌కి తీసుకెళ్ళాం. గోమారి కుట్టడం వల్ల వచ్చే జ్వరమన్నారు. అందరూ టిక్ ఫీవర్ అంటారే, అదే.

బిల్లు ఇలా ఉంది: కన్సల్టేషన్ 700, రాత్రి వేళ అదనం 800, సీబీసీ 750, లివర్-కిడ్నీ పరీక్షలు 1,400, టిక్ ఫీవర్ కిట్ పరీక్ష 2,200, సెలైన్, దాని సూది 900, ఇంజెక్షన్లు 650, గ్లవ్స్, సిరంజిల్లాంటివి 350, మందులు 1,150. దీంట్లో ఏదీ దొంగ లెక్క కాదు. ప్రతి పరీక్షకూ రిపోర్టు ఇచ్చారు. జున్ను కోలుకుంది కూడా. కానీ రాత్రి వేళ అదనంగా తీసుకుంటారని ఫోన్‌లో చెప్పలేదు. రక్తం తీసేటప్పుడు ఏయే పరీక్షలు చేస్తున్నారో, దేనికెంతో చెప్పలేదు. లివర్-కిడ్నీ పరీక్షలు ఆ రాత్రే చేయకపోయినా, మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు చేయించుకోవచ్చని డాక్టర్ గారు నేను అడిగాక చెప్పారు. అప్పటికి డబ్బు కట్టేశాం.

ఇంట్లో ఆ మాట ఎత్తితే మా అత్తయ్య, "ప్రాణం మీదికొస్తే పైసలు లెక్క చూసుకుంటామా?" అంది. ఆవిడ మాటలో ప్రేమ ఉంది. ఆ మాటకు బెదిరే కౌంటర్ దగ్గర చాలామందిమి నోరు విప్పం. వణికిపోతున్న జీవాన్ని ఒళ్ళో పెట్టుకుని ధర అడిగితే పక్కనున్నవాళ్ళు ఏమనుకుంటారోనని సిగ్గు. మొహమాటపడి అడగం, అడగలేదు కదా అని క్లినిక్ వాళ్ళు చెప్పరు. నేనిప్పుడు ప్రతిసారీ అడుగుతాను. ధర ముందే తెలిస్తేనే వైద్యం చివరిదాకా సాగుతుందని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం జున్ను బిల్లు వల్ల వచ్చింది కాదు.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలు ఒక కుక్కపిల్లను పెంచుకున్నారు. దానికి పార్వో అనే వైరస్ జబ్బు వచ్చింది. వాంతులు, రక్తవిరేచనాలు. ఒక క్లినిక్‌లో చూపించారు. మొదటిరోజు పరీక్షలకూ సెలైన్‌కూ, రెండోరోజు మళ్ళీ సెలైన్‌కూ ఇంజెక్షన్లకూ కలిపి ఆరువేల దాకా అయ్యింది. అది వాచ్‌మన్‌కు సగం జీతం. మూడోరోజు తీసుకెళ్ళలేదు. కుక్కపిల్ల బతకలేదు. పార్వోకి చాలా రోజులు వరసగా సెలైన్ పెట్టాల్సి వస్తుంది. మధ్యలో ఆపేస్తే అంతకుముందు పెట్టిన ఖర్చంతా వృథా. "ఐదారు రోజులు పట్టొచ్చు, రోజుకు ఇంతవుతుంది" అని మొదటి గంటలో ఎవరైనా చెప్పి ఉంటే, ఆయన ఆ రోజే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు బయల్దేరేవాడు. లేదా మమ్మల్ని అడిగేవాడు, మేమంతా తలా కొంత వేసుకునేవాళ్ళం. వైద్యం పూర్తయినా కుక్కపిల్ల బతుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ ఆ కుటుంబానికి ఆ దారి ఉందని కూడా తెలియలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అందుకే జున్నుకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలనుకున్నప్పుడు పద్ధతి మార్చాను. ఈ ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మీదపడ్డాక గర్భాశయంలో చీము పట్టే ప్రమాదం ఉంది. అప్పుడు చేసేది అత్యవసర ఆపరేషన్, ఖర్చు ఎన్నో రెట్లు, ప్రాణభయం అదనం. కాబట్టి ముందే చేయించడం డబ్బు లెక్కలోనూ మంచి నిర్ణయమే. కొన్ని క్లినిక్‌లకు ఫోన్ చేశాను. ఒకచోట 7,000 అన్నారు, ఇంకోచోట 11,500. మొదటిది చవక అనిపించింది. "అందులో ఏమేం కలిసి ఉన్నాయండీ?" అని అడిగితే లెక్క తిరగబడింది. ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్షలు 2,000, గ్యాస్ మత్తు 2,500, ఇంజెక్షన్లు, మందులు 1,200, కుట్లు నాకకుండా మెడకు వేసే కాలర్ 600, మూడుసార్లు డ్రెస్సింగ్ 900. మొత్తం 14,200. పదకొండున్నర వేలన్న చోట ఇవన్నీ కలిపే చెప్పారు, కుట్లు తీయడంతో సహా. పెళ్ళి భోజనాలకు ప్లేటు ధర అడిగేటప్పుడు నీళ్ళసీసాలూ వడ్డించేవాళ్ళ కూలీ కలిసి ఉన్నాయా అని అడుగుతాం కదా, ఇదీ అంతే. 11,500 చెప్పిన చోటే చేయించాను. ఒక్క రూపాయి ఎక్కువ కాలేదు.

అప్పట్నుంచి ఏ క్లినిక్‌కి వెళ్ళినా కొన్ని ప్రశ్నలు తప్పకుండా అడుగుతాను. ఈరోజు మొత్తం ఎంతవుతుంది? ఈ జబ్బు తగ్గేదాకా సుమారుగా ఎంతవుతుంది, ఎక్కువైతే ఎంతదాకా పోవచ్చు? ఇందులో ఇప్పుడే చేయాల్సినవేవి, రెండు రోజులు ఆగి చూడదగ్గవేవి? రాత్రిపూట, ఆదివారం ఫీజు ఎంత? మళ్ళీ చూపిస్తే ఫీజు ఉందా? అడ్మిట్ చేస్తే ఇంకోమాట కూడా అంటాను: "పదివేలు దాటేట్టుంటే దయచేసి ముందు ఫోన్ చేయండి, ప్రాణాపాయమైతే మాత్రం ఆగకండి." జవాబులను కాగితం మీద రాసిమ్మంటాను. రాసివ్వకపోతే వాట్సాప్‌లో పెట్టమంటాను. మంచి డాక్టర్లెవరూ దీనికి నొచ్చుకోవడం నేను చూడలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, అంచనా కాగితమూ అంతే.

మందుల విషయంలోనూ ఆదా ఉంది. టిక్ ఫీవర్‌కి సాధారణంగా డాక్సీసైక్లిన్ ఇస్తారు, మామూలుగా 28 రోజుల కోర్సు. అది మనుషులకూ వాడే మందే కాబట్టి, బయట కొనుక్కోవచ్చా అని డాక్టర్ గారినే అడిగాను. మందు పేరు, మోతాదు చీటీ మీద రాసిచ్చారు. మిగతా కోర్సంతా మెడికల్ షాపులో సగం కంటే తక్కువకే వచ్చింది. అయితే డాక్టర్‌ని అడక్కుండా మన మందులు జంతువులకు వేయకూడదు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. ప్యాక్ మీద ముద్రించిన ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకునే హక్కు క్లినిక్‌కైనా లేదు. ఇంకో సంగతి, జంతువుల ఆరోగ్యానికి వెటర్నరీ క్లినిక్ చేసే సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. విడిగా అమ్మే కుక్కల ఆహారం మీద మాత్రం పన్ను ఉంటుంది. కన్సల్టేషన్, ఆపరేషన్ ఫీజుల మీద జీఎస్టీ వేస్తే ఎందుకని అడగండి.

బీమా గురించీ ఆలోచించాను. పెంపుడు కుక్కల పాలసీలు మన దేశంలోనూ ఉన్నాయి. నేను చదివిన వాటిలో వయసు పరిమితి, వెయిటింగ్ పీరియడ్ ఉన్నాయి, ముందే ఉన్న జబ్బులకు వర్తించవు, టీకాల ఖర్చు రాదు. మా జున్నుకి కావాల్సింది అందులో తక్కువే అనిపించి, నెలకు 1,500 చొప్పున దాని కోసం రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. టీకాలు, పురుగుల మందు, గోమార్ల మందు నెల ఖర్చులోనే పోతాయి. ఆ డిపాజిట్ కేవలం ఆపదకు. మీ కుక్క చిన్నదై, జాతికుక్కై, పాలసీ కాగితం మీకు నచ్చితే బీమా మేలే కావచ్చు. ఏ దారైనా, డబ్బు పక్కన ఉంటే అర్ధరాత్రి కౌంటర్ దగ్గర నిర్ణయం భయంతో తీసుకోనక్కర్లేదు.

డాక్టర్ల వైపు నుంచి కూడా చెప్పాలి. ఎక్కడ నొప్పో నోరు తెరిచి చెప్పలేని రోగికి పరీక్షలు ఎక్కువ కావడం సహజం. ఎక్స్‌రే యంత్రం, ల్యాబ్, రాత్రి సిబ్బంది, అద్దె అన్నీ వాళ్ళ నెత్తినే. మనుషులకున్నట్టు జంతువులకు ఆరోగ్యశ్రీ లేదు. న్యాయమైన ఫీజు వాళ్ళకు దక్కాలి. ధర ముందే చెప్పిన డాక్టర్‌కి బిల్లు దగ్గర గొడవ ఉండదు, మధ్యలో మాయమైపోయే కేసులూ తగ్గుతాయి. ఈ పారదర్శకత వాళ్ళకూ లాభమే.

చట్టం మన పక్షానే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం డబ్బిచ్చి పొందే సేవ ధర తెలుసుకోవడం మన హక్కు. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. కానీ ఒక లోటుంది. మనుషుల ఆసుపత్రులు రేట్లు అందరికీ కనబడేట్టు స్థానిక భాషలోనూ పెట్టాలని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు 2012లోనే చెప్పాయి. ఆ నిబంధనలు పశువైద్యశాలలకు వర్తించవు. బ్రిటన్‌లో మార్కెట్ పోటీని పర్యవేక్షించే సంస్థ సీఎంఏ 2023లో పశువైద్యం మీద సమీక్ష మొదలుపెట్టి, 80 శాతానికి పైగా క్లినిక్‌లు తమ వెబ్‌సైట్లలో ధరలే పెట్టలేదని 2024లో తేల్చింది. అక్కడ 2013లో పదోవంతు క్లినిక్‌లు పెద్ద కంపెనీల చేతిలో ఉంటే, ఇప్పుడు దాదాపు 60 శాతం. మన నగరాల్లోనూ గొలుసు క్లినిక్‌లు పెరుగుతున్నాయి. అవి పాతుకుపోకముందే ధరలు అందరికీ చూపాలన్న నియమం రావాలి.

నేను కోరేది పెద్దదేం కాదు. కన్సల్టేషన్, రాత్రి ఫీజు, టీకాలు, సాధారణ పరీక్షలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, వీటి ధరలు ప్రతి క్లినిక్ గోడమీదా తెలుగులో ఉండాలి. ఖర్చు ఐదువేలు దాటేట్టుంటే అంచనా రాసివ్వాలి. ప్రాణాపాయంలో వైద్యం ఆపకుండానే ఆ కాగితం చేతికందాలి. రాష్ట్ర వెటర్నరీ కౌన్సిళ్ళు పూనుకుంటే ఇది కష్టం కాదు. ఆ నియమం వచ్చేదాకా మనమే అడుగుదాం, గొంతు తగ్గించకుండా, సిగ్గుపడకుండా. మనం అడిగితే కౌంటర్ దగ్గర మన వెనక నిలబడ్డ వాచ్‌మన్ లాంటివాళ్ళకూ అడిగే ధైర్యం వస్తుంది.