తర్వాతి సిగ్నల్‌ని అడిగే సిగ్నల్

సికింద్రాబాద్ మెట్టుగూడలో ఒక ఇంటి మేడమీది గదిలో తాతామనవళ్లు కలిసి రైలు సిగ్నళ్లు తయారుచేస్తున్నారని తెలిసి చూడటానికి వెళ్లాను. తాత రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. 1957లో మొదలై, ఇప్పటికీ సిగ్నల్ ఇంజనీర్లకు పాఠాలు చెబుతున్న తార్నాక ఇరిసెట్‌లోనే ఆయన శిక్షణ. మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ‘ఓపెన్ రైల్స్’ అనే ఉచిత సిమ్యులేటర్‌లో మన సిగ్నళ్లు మనవాటిలాగే పనిచేయాలన్నది వాళ్ల పట్టుదల.

2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ పద్ధతే దీనిదీ. సిగ్నళ్లకు రెండు టెక్స్ట్ ఫైళ్లుంటాయి. ఏ దీపం ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి అన్నది ఒకదాంట్లో, అది ఎప్పుడు వెలగాలన్నది రెండోదాంట్లో రాస్తారు. మొదటిది ఓపికుంటే వచ్చేస్తుంది. పాత బల్బు ఆరేటప్పుడు ఫిలమెంటులో క్షణంపాటు మిగిలే వెలుగును కూడా ఈ అబ్బాయి తెర మీదికి తెచ్చాడు. ఎల్‌ఈడీ సిగ్నల్ అయితే టక్కున ఆరిపోతుంది. కష్టమంతా రెండో ఫైల్లోనే.

ఒక గూడ్సును నడిపి చూపించాడు. దూరంగా, ముందే హెచ్చరించే డిస్టెంట్ సిగ్నల్ రెండు పసుపులు చూపింది. ఆ రెండు దీపాలూ పక్కపక్కన లేవు. దూరం నుంచి ఒకటిగా కలిసిపోకుండా మధ్యలో ఎడం ఉంది. తర్వాత స్టేషన్‌లోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ వచ్చింది. ఒక పసుపు, దాని పైన ఏటవాలుగా ఐదు తెల్లదీపాలు. బండిని పక్కనున్న లూప్ లైన్లోకి తీసుకుంటున్నారన్నమాట. మెయిన్ లైన్‌కైతే ఆ తెల్లదీపాలు వెలగవు.

నాకది అచ్చం నిజంలాగే కనిపించింది. తాత ఒప్పుకోలేదు.

“పసుపు ఇచ్చావు సరే, స్టార్టర్ అవతల 120 మీటర్లు ఖాళీగా ఉందో లేదో చూశావా నాన్నా?”

“చూస్తోంది తాతయ్యా, నిన్ననే కలిపాను.”

“పాయింటు సెట్టయి లాకవకపోతే?”

“అప్పుడు ఎరుపే.”

కోడ్ చూపించాడు. ప్రతి సిగ్నలూ తన రంగు తేల్చుకునే ముందు తర్వాతి సిగ్నల్ ఏం చూపుతోందో అడుగుతుంది. స్టేషన్ నుంచి బయటికి పంపే స్టార్టర్ ఎరుపైతే హోమ్ పసుపు దాటదు. హోమ్ పసుపైతే డిస్టెంట్ రెండు పసుపులు దాటదు. సమాచారం బండికి ఎదురు దిశలో, సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు వెనక్కి నడుస్తుంది.

ఆ తర్వాత చూసినదే నన్ను ఎక్కువగా కట్టిపడేసింది. స్టార్టర్‌లో ఎర్రదీపం మాడిపోయినట్టు పెట్టాడు. రాత్రివేళ, స్తంభం మీద ఏ వెలుగూ లేదు. వెలగని సిగ్నల్‌ని డ్రైవరు ఎరుపుగానే లెక్కించాలన్నది నియమం. కానీ చీకట్లో అక్కడొక సిగ్నల్ ఉందనే అతనికి తెలియకపోవచ్చు కదా! అందుకే మన రైల్వేలో ఎర్రదీపం పోతే దాని వెనకాల సిగ్నల్ ఎరుపుకి తిరుగుతుంది. తెర మీదా హోమ్ వెంటనే ఎర్రబడింది. ఆటలో ఎప్పుడో గాని ఎదురవని ఈ సందర్భం కోసం అంత శ్రమ పడటమే నా దృష్టిలో అసలైన వాస్తవికత. బండి సాఫీగా సాగుతున్నప్పుడు ఏ సిగ్నలైనా బాగానే ఉంటుంది. ఏదో ఒకటి చెడినప్పుడే దాని నిజాయితీ బయటపడుతుంది.

తర్వాత, బండ్ల కదలికను బట్టి దానంతటదే మారే ఆటోమేటిక్ సిగ్నల్ వంతు. ‘ఏ’ బిళ్ల ఉన్న ఆ సిగ్నల్ ఎరుపుగా ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, అప్పుడు జాగ్రత్తగా కదలాలి. తాత గడియారం చూసి మరీ ఆపించారు.

ఇక మిగిలినవి పసుపు బిళ్ల మీద నల్లటి ‘జీ’ ఉండే గేటు సిగ్నళ్లు. సిమ్యులేటర్‌లో బండి దగ్గరికొస్తే గేటు దానంతటదే పడుతుంది. మన దగ్గర గేటు పడి, లాకయ్యాకే సిగ్నల్ వస్తుంది. ఆ వరుసను ఎలా తిప్పి రాయాలో నేను బయల్దేరేటప్పటికి ఇద్దరూ కాగితం మీద గీసుకుంటున్నారు.