21 కిలోమీటర్ల కబుర్లు
హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తించిన 42.195లో సరిగ్గా సగం. మా ఇద్దరికీ అదే మొదటిది. ఆగస్టు ఆదివారం, తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డు మీద ఉన్నాం.

మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగితే వేగం సరిపోయినట్టేనని కొత్తవాళ్లకు చెబుతారు. పిల్లాడి ఫీజులు, అత్తయ్యగారి మోకాళ్ల నొప్పి... ఆర్నెల్లుగా వాయిదా పడ్డ కబుర్లన్నీ పది కిలోమీటర్లలో తేలిపోయాయి.

పదహారో కిలోమీటరులో, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆయన పిక్క పట్టేసింది. ‘నువ్వెళ్లు, టైమ్ పోతుంది’ అన్నారు. మూడు గంటల్లోపు పూర్తిచేయాలని నాలుగు నెలలు అలారం పెట్టుకుని లేచింది నేనే. వెళ్లిపోదామనే అనిపించింది. కానీ ఇన్నాళ్లూ నాతోపాటు లేచింది ఆయనేగా! ఆగి, పిక్క సాగదీసి, ఓఆర్‌ఎస్ తాగించా.

మూడు గంటల పన్నెండు నిమిషాలకు ఇద్దరం కలిసే గీత దాటాం. ‘వచ్చే ఏడాది ఆ పన్నెండు నిమిషాల సంగతి చూద్దాం’ అంటున్నారాయన.