వాన వస్తోందా, వెలిసిందా?

ఆమ్‌స్టర్‌డామ్‌లో మేం చూడబోయిన ఈ ఇంటిని చిత్రకారుడు రెంబ్రాంట్ 1639లో కొన్నాడు. బాకీ తీర్చలేక 1656లో దివాలా తీశాడు. ఇప్పుడిది మ్యూజియం. ఇరుకు మెట్లెక్కుతూ అమ్మ, ‘‘ఇందులో కాపురం ఎలా చేశార్రా!’’ అంది.

పైన ఒకావిడ ఎచింగ్ చేసి చూపిస్తోంది. రాగిరేకుకు మైనం పూత పూసి, దానిమీద సూదితో గీస్తారు. ఆమ్లంలో వేస్తే గీత పడ్డచోటే రాగి తినుకుపోతుంది. ఆ గాడుల్లో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులోంచి లాగుతారు. వెలుతురు ఎలా గీస్తారని అడిగితే ఆవిడ నవ్వింది. గీయరట, కాగితం వదిలేస్తారట. పైగా సిరా పూర్తిగా తుడవకుండా పల్చటి పొర ఉంచితే, అదే రేకులోంచి మధ్యాహ్నానికి బదులు సాయంత్రం వస్తుంది. రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి చూపించింది. నాకు నోట మాట రాలేదు.

రెంబ్రాంట్ ఎచింగ్ ‘మూడు చెట్లు’ (1643) కింది అంతస్తులో, మసక గదిలో ఉంది. ఎక్కువ వెలుతురు తగిలితే పాత కాగితం పాడవుతుందట. వెలుతురు బొమ్మకి వెలుతురే గిట్టదన్నమాట! నోటుపుస్తకం పేజీ అంత బొమ్మ. కుడివైపు మిట్టమీద మూడు చెట్లు నల్లగా, వాటి వెనక ఆకాశం ఖాళీ కాగితమే. ఎడమవైపు పైమూల నుంచి వాన జల్లు రూళ్లకర్రతో గీసినట్టు ఏటవాలుగా దిగుతోంది. ఒకే బొమ్మలో రెండు రకాల ఆకాశం.

1642లో భార్య సాస్కియా పోయింది కాబట్టి ఈ చీకటి ఆయన దుఃఖమనీ, మూడు చెట్లు మూడు శిలువలనీ చెప్పేవాళ్లున్నారు. నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. దుఃఖంతో గీసినవాడు కుడిపక్క పొదలో ఒక జంటను దాచిపెడతాడా? మిట్టమీద బొమ్మ గీసుకుంటున్న మనిషిని కూర్చోబెడతాడా?

నేను వాన వస్తోందన్నాను. మా కోనసీమలో తొలకరి ముందు కొబ్బరితోట ఇలాగే నల్లబడి, వెనక ఆకాశం తెల్లగా మిగులుతుంది. అమ్మ భూతద్దం లాక్కుని ఎడమపక్క కిందిభాగం చాలాసేపు చూసింది. అక్కడ నీటి ఒడ్డున ఒకాయన గాలం వేశాడు, పక్కన ఒకావిడ ఉంది.

‘‘వెలిసిందిరా. వానొచ్చేదైతే ఆవిడ ఈపాటికి ఆయన్ని ఇంటికి లాక్కుపోయేది.’’

చెట్లనే చూస్తున్న నాకు అసలు ఆవిడే కనపడలేదు. ఈ బొమ్మ చూడబోయేవాళ్లు భూతద్దం మరిచిపోకండి. పొదలో జంట దొరకడానికి మాకు పది నిమిషాలు పట్టింది.